క్రూజర్ లారీకి ఇంజన్ అమర్చుట గురించి

కాసిడీహ్, జంషెడ్‌పూర్
14 ఏప్రిల్ 1958

తోమాస్ బావగారికి వందనములు.

విషయం: 'క్రూజర్' అను లారీ ఇంజన్ ఆకస్మిక మరణం.
సూచిక: తమ తరఫున మా చెల్లెలు సువర్ణకుమారి రాసిన కార్డు.

కార్డు అందింది. బరంపురం రోడ్డు మీద, కొబ్బరికాయల లోడుతో వెళుతుండగా ఇంజన్ పెద్ద చప్పుడు చేసి ఆగిపోయిందనీ, దిగి చూస్తే కనెక్టింగు రాడ్ ఒకటి ఇంజన్ పక్కగోడను చీల్చుకుని బయటికి వచ్చిందనీ గ్రహించాను. మీరు స్టీరింగు పట్టినంత సులువుగా కలం పట్టరు కనుక ఈ సమాచారం చెల్లెలి దస్తూరీలో వచ్చింది. "రాడ్డు తలుపు సందులోంచి తొంగిచూస్తున్నట్టుంది" అన్న వాక్యం ఆమె సొంతమని భావిస్తున్నాను. సాంకేతిక నివేదికల్లో తొంగిచూడటాలు ఉండవు. ఆ వాక్యాన్ని ఎర్రసిరాతో దిద్ది, కార్డు ఇందుతో తిప్పి పంపుతున్నాను.

కొన్ని పూర్వాంశాలను నమోదు చేయడం అవసరం. యుద్ధం ముగిశాక చాకులియా విమానాల మైదానంలో అమెరికా సైన్యం వదిలిపోయిన లారీలను వేలం వేసినప్పుడు మీరూ నేనూ చెరిసగం పెట్టుకుని దీన్ని పాడుకున్నాం. ఎవరో సిపాయి బానెట్ మీద తెల్లరంగుతో 'క్రూజర్' అని రాసి తన దేశం వెళ్లిపోయాడు. చెరపడానికి మనకు మనసొప్పలేదు. లారీ నడిపేది మీరు. పర్మిట్ మీద పేర్లు మాత్రం ఇద్దరివి. ఆగస్టు ముప్పయ్యొకటిలోగా లారీ తన కాళ్లమీద తాను నడిచివెళ్లి రవాణా అధికారి ముందు తనిఖీకి నిలబడకపోతే ఆ పర్మిట్ రద్దవుతుంది. లారీ ఇనుము కనుక మళ్లీ దొరుకుతుంది. పర్మిట్ కాగితం కనుక దొరకదు.

చివరి అంశం నా సొంతం. ఈ ఊరి కర్మాగారంలో గుమస్తాగా చేరి ఇరవై ఏళ్లయింది, హెడ్ క్లర్కునయ్యాను. వయసు నలభై మూడు. పెళ్లి అన్న ప్రతిపాదన ఏనాడో వాయిదా పడి అక్కడే ఉండిపోయింది. అమ్మా నాన్నా పోయాక నాకున్నది చెల్లెలు ఒక్కతే. క్రూజర్ మళ్లీ రోడ్డెక్కగానే రాజీనామా ఇచ్చి సోంపేట వచ్చేస్తాను. మీరు బండి నడపండి, నేను లోడ్లూ కాగితాలూ చూసుకుంటాను, మీ వెనక గదిలో ఉంటాను. ఈ విషయం పదేళ్లుగా పరిశీలనలో ఉంది. ఇప్పుడు ఆమోదించడమైనది.

ఇంజన్ నేను వెతుకుతాను.

ఇట్లు,
ఏసుదానం, బి.ఏ.


సోంపేట
27 ఏప్రిల్ 1958

ప్రియమైన అన్నయ్యకు సువర్ణ వందనములు.

వారు నులకమంచం మీద పడుకుని చెబుతున్నారు, నేను రాస్తున్నాను.

"ఏటి బావా, ఇంజనొకటి సూసి పంపమంటే సర్కారోళ్ల నోటీసు పంపినావు? మీ సెల్లెలు సదివీసరికి దానికి నోరెండిపోనాది, ఇనీసరికి నాకు నిద్దరొచ్చీసినాది. ఏదో ఒకటి సవగ్గా సూడు. తిరిగితే సాలు. ఇంజన్ మీద నంబరు మాత్రం తేటగా ఉండాల. తనికీ ఆయన ముందర నంబరే సూత్తాడు."

అన్నయ్యా, ఇక్కడినుంచి నేను. ఉద్యోగం విషయంలో తొందరపడకు. ఇరవై ఏళ్ల సర్వీసు. మా వెనక గది చిన్నది, వానొస్తే కారుతుంది. ఇంజన్ సంగతి ముందు తేలనీ. మిగతావి తరవాత రాస్తాను.

నీ చెల్లెలు,
సువర్ణ


కాసిడీహ్
18 మే 1958

బావగారికి వందనములు.

విషయం: ఇంజన్ ఎంపిక సంఘం నివేదిక.

సంఘంలో సభ్యులు ఇద్దరు. ఒకరు నేను. రెండోవారు తవిటయ్య మిస్త్రీ. ఈయన పలాస దగ్గరివాడు, ముప్పై నాలుగేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరై, బాగ్‌బేరాలో రైల్వే యార్డు వెనక రేకుల షెడ్డులో ఇంజన్లు బాగుచేస్తుంటాడు. నాకు ఓటు ఉంది, ఆయనకు తెలివి ఉంది. గమ్హరియాలో పాత ఇనుము అమ్మే జగ్గారావు గారి ఆవరణలో ముగ్గురు అభ్యర్థులను పరీక్షించాం.

మొదటి అభ్యర్థి ఇంగ్లండు డీజిల్ ఇంజన్. తక్కువ తాగుతుంది. కానీ ఎక్కువ బరువు. ముందు స్ప్రింగులు మార్చాలి, గేరుపెట్టె కలవదు. పైగా మన రిజిస్ట్రేషనులో 'పెట్రోలు' అని ఉంది. ఆ ఒక్క మాట మార్పించే సరికి ఆగస్టు దాటి క్రిస్మస్ వస్తుంది. తిరస్కరించాం.

రెండో అభ్యర్థి జీపు నుంచి తీసిన నాలుగు సిలిండర్ల ఇంజన్. అన్నిటిలోకీ చవక. తవిటయ్య దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది మంచిదే బాబూ. మెట్టొచ్చిన సోట మీ బావగారు దిగి తొయ్యగలిగితే" అన్నాడు. తిరస్కరించాం.

మూడోది మన క్రూజర్‌కు స్వయానా తోబుట్టువు. అదే కంపెనీ, అదే ఆరు సిలిండర్లు. బొగ్గు లోడుతో బోల్తాపడిన లారీలోంచి తీసి పదేళ్లుగా వానలో పడేశారు. తుప్పు చూసి నేను వెనకాడాను. తవిటయ్య అడుగు పళ్లెం విప్పించి, క్రాంక్ షాఫ్టు తుడిచి, గీతలు తగులుతాయేమోనని మెరుపు మీద బొటనవేలి గోరు మెల్లగా నడిపించాడు. తరవాత లోపల కిరసనాయిలు పోసి, బయట సున్నం పూసి, మేము భోంచేసి వచ్చేదాకా ఆరబెట్టాడు. బీట ఉంటే కిరసనాయిలు సున్నం మీద మరకగా ఊరుతుందట. సున్నం తెల్లగానే ఉంది.

జగ్గారావు గారికి అప్పటికి ఓపిక నశించింది. "లే జావ్ బాబూ, లే జావ్! పెళ్లికూతుర్ని కూడా ఇంతసేపు సూడరు గదయ్యా!"

తవిటయ్య తల ఎత్తలేదు. "పెళ్లికూతురైతే నచ్చకపోనా సర్దుకుంటాడు. బరంపురం రోడ్డు మీద ఇది సర్దుకుంటాదేటి?"

ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. నంబరు తేటగా ఉంది.

ఇట్లు,
ఏసుదానం


సోంపేట
2 జూన్ 1958

ప్రియమైన అన్నయ్యకు వందనములు.

వారు చాలా సంతోషించారు. చెబుతున్నారు: "మూడోదే కానీ. గానీ బావా, అంత హంగు అక్కర్లేదు. పిస్టన్లూ రింగులూ పాతవే ఏసీమను. ఆగస్టుకి అందితే సాలు. ఏళ్లకేళ్లు మన్నాలని పట్టు పట్టకు."

ఇంకొక పని ఉంది అన్నయ్యా. ఇంజన్ నంబరు మార్పుకు రెండో భాగస్తుడు కూడా రాసివ్వాలట. రవాణా ఆఫీసు బయట చెట్టుకింద కూర్చుని అర్జీలు రాసే ఆయన ఉన్నారు. అధికారులకు నచ్చే భాష ఆయనకే తెలుసు. దూరాన ఉన్నవాళ్లంతా తెల్లకాగితం అడుగున సంతకం చేసి పంపితే పైన ఆయన రాసుకుంటారు. ఇక్కడ అదే ఆనవాయితీ. ఒకటి చెడిపోతే ఇంకొకటి ఉంటుందని మూడు కాగితాలు పెడుతున్నాను. నువ్వు అడుగున సంతకం చేసి పంపు. సాక్షి సంతకం ఇక్కడ చేయిస్తాం.

నీ ఆరోగ్యం జాగ్రత్త. మెస్సు భోజనం మానేశావా?

సువర్ణ


కాసిడీహ్
22 జూన్ 1958

బావగారికి వందనములు.

విషయం: పునర్నిర్మాణ ప్రగతి.

మొదట పాత రింగుల గురించి తమ ఉత్తర్వును తవిటయ్యకు చదివి వినిపించాను. ఆయన చేతిలోని ఆకురాయి కింద పెట్టి, "ఏటి, పాత రింగులా? ఆరు సిలిండర్లూ బోరింగు సేయించి, పాత రింగులా? మీ బావగారు రెండ్రోజులు నడిపి పారేత్తారేటి దీన్ని?" అని అడిగాడు. మీ తరఫున నేను సిగ్గుపడి, కొత్తవి తెప్పించాను. పొదుపు మంచి గుణమే కానీ ఇది మన ఇద్దరి జీవితకాలం నడవవలసిన ఇంజన్.

బేరింగులకు వైట్ మెటల్ పోయడం నిన్న చూశాను. చిన్న మూసలో లోహం కరిగింది. వేడి సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి తవిటయ్య ఒక కాగితం ముక్క అడిగాడు. నా జేబులో ఆఫీసు మెమో ఉంది. చింపి ఇచ్చాను. ముంచి తీస్తే కాగితం గోధుమరంగుకు రావాలి, నల్లబడకూడదు. సరిగ్గా గోధుమరంగుకే వచ్చింది. ఇరవై ఏళ్లలో మా ఆఫీసు మెమో దేనికైనా ఉపయోగపడటం ఇదే ప్రథమం.

పోశాక గీకుడు. క్రాంక్‌కు నీలం పూసి, బేరింగు బిగించి, ఒక చుట్టు తిప్పి, విప్పుతాడు. నీలం అంటిన చోట ఎత్తు ఉన్నట్టు. అక్కడ గీకుతాడు. మళ్లీ పూస్తాడు, బిగిస్తాడు, తిప్పుతాడు, విప్పుతాడు. ఒక బేరింగుకు నలభై సార్లు లెక్కపెట్టి మానేశాను. "ఎప్పటికి అవుతుంది?" అంటే, "నీలం అంతటా సమానంగా అంటినప్పుడు" అన్నాడు. ఇంత నిష్పక్షపాతమైన అధికారిని నేను చూడలేదు.

ఇక కాగితాల సంగతి. ఖాళీ కాగితం మీద సంతకం చేసినందుకు నా సర్వీసులో ముగ్గురు గుమస్తాలను స్వయంగా సంజాయిషీ అడిగాను. ఒకరికి ఇంక్రిమెంటు ఆగింది. కాబట్టి తమ కాగితాలను నాలుగు రోజులు బల్లమీదే ఉంచాను. అయిదో రోజున, అడిగింది చెల్లెలు కనుక, నియమాన్ని ఈ ఒక్క సందర్భానికి పరిమితం చేస్తూ సడలించాను. మూడింటిమీదా సంతకం చేసి ఇందుతో పంపుతున్నాను.

సువర్ణా, మెస్సు మానలేదు. సోంపేటలోనే మానతాను.

ఏసుదానం


కాసిడీహ్
21 జులై 1958

బావగారికి వందనములు.

విషయం: ఇంజన్ రవాణా, తదనంతర నియమావళి.

నిన్న టాటానగర్ గూడ్సు షెడ్డులో ఇంజన్‌ను చెక్కపెట్టెలో ఎక్కించాం. కంచిలి స్టేషనులో దింపించుకోగలరు. పెట్టె మూసేముందు తవిటయ్య దాన్ని ఒంటిచేత్తో ఒక చుట్టు తిప్పి చూశాడు. "ఎల్లిరా" అన్నాడు. నాతో అనుకుని "ఎక్కడికి?" అన్నాను. నాతో కాదు.

మొదటి అయిదు వందల మైళ్లు గంటకు ఇరవై అయిదు దాటకూడదు, లోడు సగమే. ఆ తరవాత హెడ్డు బోల్టులు మళ్లీ బిగించాలి. బిగించకపోతే గాస్కెట్ పోతుంది. దీనికి తవిటయ్య తానే వస్తానంటున్నాడు. అక్టోబరులో పలాసలో ఆయన మేనకోడలి పెళ్లి ఉంది.

మైళ్ల నమోదుకు ఒక నమూనా గీసి పంపుతున్నాను. తేదీ, ఎక్కడినుంచి ఎక్కడికి, మైళ్లు, గరిష్ఠ వేగం, డ్రైవరు అభిప్రాయం. పదిహేను రోజులకొకసారి పూర్తిచేసి పంపవలెను.

రాజీనామా ఇవాళ ఇచ్చాను. మూడు నెలల నోటీసు. అది ముగిశాక, నవంబరు ఆఖరులోగా క్వార్టరు ఖాళీ చేయాలి. సూపరింటెండెంటు గారు "ఊళ్లో ఎవరున్నారు?" అన్నారు. "అందరూ" అన్నాను.

ఏసుదానం


సోంపేట
3 సెప్టెంబరు 1958

ప్రియమైన అన్నయ్యకు వందనములు.

ఇంజన్ అందింది, బిగించారు. ఆగస్టు ఇరవై రెండున తనిఖీ అయింది. అధికారి బానెట్ ఎత్తించి, నంబరు చూసి, ఇంజన్ శబ్దం విని, "ఇది పాత బండేనా?" అన్నారట. పర్మిట్ నిలిచింది. వారు చెబుతున్నారు: "తవిటయ్యగారి సేతికి మొక్కాల బావా. సిటికేసినంతసేపట్లో స్టాటయ్యింది. ఒట్టు, మనసుకి కట్టంగా ఉంది."

మనసుకు ఎందుకు కష్టమో అడిగితే చెప్పకుండా బయటికి వెళ్లారు. ఎండ దెబ్బ అనుకుంటాను.

నమూనా పూర్తిచేసి పంపుతున్నాను. మొదటి వారం: సోంపేట నుంచి కంచిలి, మందస, మళ్లీ సోంపేట. మొత్తం అరవై రెండు మైళ్లు. గరిష్ఠ వేగం ఇరవై రెండు. డ్రైవరు అభిప్రాయం: బండి సంతోషంగా ఉంది.

సువర్ణ


కాసిడీహ్
20 సెప్టెంబరు 1958

చెల్లెమ్మకు,

విషయం: నమూనాలోని లోపాలు, నా రాక.

'బండి సంతోషంగా ఉంది' అన్నది అభిప్రాయాల గడిలో చెల్లదు. చమురు వాడకం, పొగ రంగు, వింత చప్పుళ్లు వంటివి రాయాలి. ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపుతున్నాను. అయినా ఆ గడి తవిటయ్యకు చదివి వినిపించానని అంగీకరిస్తున్నాను. ఆయన రెండోసారి చదవమన్నాడు.

నా రాక నవంబరు ముప్పైన. వెనక గది కొలతలు పంపు. నేను ఊహించి ఒక పటం గీశాను, జతపరిచాను. తూర్పు గోడకు నా బల్ల, కిటికీ కింద మంచం. ఉదయం ఆరున్నరకు టీ, ఏడున్నరకు ఆనాటి లోడ్ల మీద నీతో బావగారితో చర్చ, రాత్రి ఎనిమిదికి ప్రార్థన, భోజనం. ఉత్తరాల బాధ్యత ఇకమీదట నీకు ఉండదు. అన్నీ నేనే రాస్తాను.

నా కుర్చీలోకి బలరామ్ అనే కుర్రగుమస్తాను ఎంపిక చేశారు. చెప్పింది చేస్తాడు, ఎందుకని అడగడు. పైకి వస్తాడు.

నీ అన్నయ్య,
ఏసుదానం


సోంపేట
24 అక్టోబరు 1958

ప్రియమైన అన్నయ్యకు వందనములు.

వారు ఊళ్లో లేరు. నేనే రాస్తున్నాను. నమూనాలో నాలుగో కాగితం జతపరిచాను. నువ్వు చెప్పినట్టే పొగ రంగు రాశాను. ఇరవై ఒకటిన బరంపురం వెళ్లి వచ్చింది, డెబ్బై ఎనిమిది మైళ్లు. పొగ లేదు. వింత చప్పుళ్లు లేవు. దారిలో వంతెన దాటాక ఇంజన్ కూనిరాగం తీసినట్టుందని వారన్నారు. దిద్దేస్తావని తెలిసినా రాశాను.

అన్నయ్యా, నవంబరులో రాకు. గది ఇంకా కారుతూనే ఉంది. సంక్షేపంగా రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

సువర్ణ


కాసిడీహ్
16 నవంబరు 1958

శ్రీ తోమాస్ గారికి, శ్రీమతి సువర్ణకుమారి గారికి.

విషయం: సంజాయిషీ కోరుట.
సూచిక: (ఒకటి) తవిటయ్య మిస్త్రీ మౌఖిక వాంగ్మూలం. (రెండు) రవాణా కార్యాలయం నుంచి పొందిన నకలు.

తవిటయ్య మేనకోడలి పెళ్లికి వెళుతూ, హెడ్డు బోల్టులు బిగిద్దామని, స్పానరు సంచీతో అక్టోబరు ఇరవై ఒకటి ఉదయం తమ ఇంటికి వచ్చాడు. బాగ్‌బేరా తిరిగి వచ్చాక రెండు వారాలు నాకు కనబడలేదు. నేనే వెళ్లాను. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"బాబూ, లారీ పెరట్లో ఇటికిల మీద ఉంది. సక్రాల్లేవు. సరేలే, టైర్లు మారుత్తన్నారేటో అనుకొని మూతెత్తినాను. లోపల కోడిపెట్ట గుడ్ల మీద కూకుంది. నన్ను సూసి రెక్కలిదిల్చినాది. ఇంజన్ లేదు బాబూ. బోల్టులిప్పిన సోట తుప్పు కూడా పట్టీసినాది. ఈది గుమ్మంలో కొత్త లారీ, దండలేసి ఉంది. సెల్లెమ్మగారొచ్చి మంచినీళ్లిచ్చినారు. ఇంజనేదమ్మా అంటే, బియ్యం మిల్లుకి అమ్మీసినారన్నారు. ఎప్పుడమ్మా అంటే లోపలికెల్లిపోనారు. గ్లాసు తిరిగిద్దారని సేనాసేపు నిలబడినాను. రాలేదు. అరుగు మీద పెట్టీసి ఎల్లిపోనాను."

"ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాను. "మీకు ముందే తెలుసునేమో, నాకు సెప్పనేదేమో అనుకున్నాను" అన్నాడు. అంటే మూడు వారాలుగా ఆయన నన్ను అనుమానించాడు. అది కూడా తమ ఖాతాలోకే వస్తుంది.

అదే ఇరవై ఒకటో తేదీన లారీ బరంపురం వెళ్లి వచ్చినట్టూ, ఇంజన్ కూనిరాగం తీసినట్టూ తమ నమూనా తెలియజేస్తోంది. కోడిపెట్ట ప్రస్తావన ఏ గడిలోనూ లేదు.

నకలు నిన్న అందింది. నా సంతకానికి పైన ఇలా ఉంది: 'సదరు లారీలో గానీ పర్మిట్‌లో గానీ నాకు ఏ విధమైన హక్కూ లేదనీ, ఉన్న హక్కును మనస్ఫూర్తిగా వదులుకుంటున్నాననీ, సదరు పర్మిట్‌ను శ్రీ తోమాస్ గారి కొత్త లారీకి మార్చుటకు నాకు అభ్యంతరం లేదనీ...' భాష బాగుంది. చెట్టుకింద ఆయన సమర్థుడు. తేదీ సెప్టెంబరు ఒకటి. అనగా ఇంజన్ తనిఖీకి నిలబడిన పదో రోజు. మొదటి నమూనా పూర్తి కావడానికి రెండు రోజుల ముందు.

పాత రింగులు చాలునని తమరు ఎందుకు రాశారో ఇప్పుడు అర్థమైంది. ఒక్క ఉదయం తిరగవలసిన ఇంజన్‌కు ఒక ముసలివాడు నెలరోజులు నీలం పూశాడు.

సాక్షి సంతకం సువర్ణకుమారి. ఆ చేతిరాత పలక మీద నేను దిద్దించినది కనుక నకలులో కూడా గుర్తుపట్టగలిగాను.

చట్టరీత్యా నేను అడగగలిగేది ఏమీ లేదు. సంతకం నాదే, ఎవరూ చెయ్యి పట్టి చేయించలేదు. అడగవలసిన ప్రశ్న ఒకటే. ఈ ఆలోచన ఎవరిది?

ఏసుదానం


సోంపేట
24 నవంబరు 1958

అన్నయ్యా,

ఇది వారు చెప్పి రాయించింది కాదు. వారు లోడుకు వెళ్లారు.

ఆలోచన నాది.

కొత్త లారీకి డబ్బు సర్దినాయన పర్మిట్ మీద ఒక్క పేరే ఉండాలన్నాడు. వారు, "ఉన్నదున్నట్టు రాసీ. మీ అన్న తిడితే తిడతాడు, ఇత్తే ఇత్తాడు" అన్నారు. నేనే వద్దన్నాను. నువ్వు ఇవ్వవని కాదు. ఇస్తావు. ఇచ్చి, మాతో ఉండడానికి వచ్చేస్తావు. ఇచ్చినవాణ్ణి రావద్దని ఎలా అంటాను? రాసిన కాగితం పంపితే నువ్వు ప్రతి అక్షరం చదువుతావు. ఖాళీ కాగితమైతే నా మాట మీద సంతకం చేస్తావు. అది నాకు తెలుసు. తెలిసే పంపాను.

నువ్వు గీసిన పటం ఇంకా నా దగ్గర ఉంది. బల్ల ఎక్కడ, మంచం ఎక్కడ, టీ ఎన్నింటికి, ప్రార్థన ఎన్నింటికి. ఆ ఇంట్లో నేను ఎక్కడ ఉంటానో అందులో లేదు. వారికి ఉత్తరం రాసిపెట్టడం ఒక్కటే ఈ ఇంట్లో నాకు మాత్రమే చేతనైన పని. అది కూడా నువ్వే చూసుకుంటానన్నావు. నాకు ముప్పై నాలుగేళ్లు అన్నయ్యా. నేను కార్డు రాస్తే ఇప్పటికీ ఎర్రసిరా పూసుకుని తిరిగి వస్తుంది. పోస్టుమాన్ పోలరాజు ముందే చదివేసి, "ఈసారి నాలుగే తప్పులమ్మా" అని నవ్వుతూ ఇస్తాడు.

ఇవన్నీ మోసానికి సరిపోయే కారణాలని నేను అనడం లేదు. తవిటయ్యగారు అరుగు మీద నిలబడి ఉంటే తలుపు వెనకే ఉన్నాను. గ్లాసు కోసం కాదు, నేను ఒక్క మాట అంటానేమోనని నిలబడ్డారని తెలుసు. బయటికి రాలేకపోయాను.

నమూనాలు మాత్రం వారికి తెలియకుండా రాశాను. రాయకపోతే నువ్వు అనుమానిస్తావని మొదలుపెట్టాను. తరవాత అలవాటైంది. మధ్యాహ్నం పని అయ్యాక కూర్చుని, ఎక్కడికీ కదలని లారీని మందస దాకా, బరంపురం దాకా తోలుకువెళ్లేదాన్ని. ఆ లారీ మన ఇద్దరిదీ అయి, నువ్వు అక్కడే ఉండి, నేను ఇక్కడే ఉండి, ఉత్తరాల్లోనే నడుస్తూ ఉంటే ఎంత బాగుండేదో.

క్షమించమని రాద్దామని కూర్చున్నాను. అది అడిగితే నువ్వు వెంటనే మంజూరు చేసి, తరవాతి రైలెక్కుతావేమోనని భయమేసింది. అందుకని అడగడం లేదు.

సువర్ణ


కాసిడీహ్
28 నవంబరు 1958

సువర్ణా,

ఉత్తరం అందింది.

అడిగితే సంతకం పెట్టేవాణ్ణి. రావద్దంటే ఆగిపోయేవాణ్ణి. నువ్వు రెండోది అడగలేననుకున్నావు. నువ్వు పుట్టిన రోజునుంచీ నిన్ను ఎరుగుదుననుకున్నాను నేను. పొరపాటు ఇద్దరిదీ. కానీ నష్టపోయింది నేను, ఆ ముసలివాడు.

నీకు రాయకూడదనే అనుకున్నాను. కానీ ఒక విషయం నీకు తెలియాలి. రాజీనామా వెనక్కి తీసుకుంటానని సూపరింటెండెంటు గారిని అడిగాను. నిలబడే అడిగాను. ఇరవై ఏళ్లలో ఆయన గదిలో నా కోసం ఏదైనా అడగడం అదే మొదటిసారి. కుర్చీ ఇచ్చేశామయ్యా అన్నారు. క్వార్టరు కూడా అతనికే ఇచ్చారు; బలరామ్ సామాను నిన్ననే వచ్చింది. వాళ్లమ్మ వరండాలో కుంపటి పెట్టి వంట చేస్తోంది. "మీరు సర్దుకునేదాకా మేము ఇక్కడే ఉంటాం బాబూ, తొందరలేదు" అని నాకే టీ ఇచ్చింది. నా ఇంట్లో నేను చుట్టాన్నయ్యాను. సోంపేటలో ఎలా ఉండేవాణ్ణో కొంత తెలిసింది.

తవిటయ్య వచ్చి అడిగాడు. "ఏటి బాబూ, సెల్లెమ్మగారేటి రాసినారు? అంతా బాగున్నారా?"

"బాగున్నారు" అన్నాను.

"మరి ఎప్పుడెల్తన్నారు?"

"ఎల్లుండి."

"నా గురించేటైనా రాసినారా?"

నీ ఉత్తరం అప్పుడు నా చేతిలోనే ఉంది. ఆయనకు చదువు రాదు. తలుపు వెనక నువ్వు నిలబడిన సంగతి చదివి వినిపించవచ్చు. "మీ చేతి పని చాలా బాగుందని రాసింది" అన్నాను. ఆయన తలూపి, సైకిలెక్కి, మళ్లీ దిగి వచ్చి, ఆ ముక్క ఎక్కడ రాశావో చూపించమన్నాడు. చివరి పేరా మీద వేలు పెట్టాను. చాలాసేపు చూశాడు.

ఎల్లుండి నేను వెళ్లేది సోంపేటకు కాదని నీకు తెలుసు. ఎక్కడికో నిర్ణయమైంది. నీకు రాయడం లేదు. పోస్టాఫీసువారికి కూడా చెప్పలేదు.

ఏసుదానం